మహారాజశ్రీ రిస్ట్ స్ట్రాప్ గారికి, ఆడిట్ ముందు రోజు

అయ్యా,

రేపు మా ఎలక్ట్రానిక్ బోర్డుల ఫ్యాక్టరీలో కస్టమర్ ఆడిట్ కదా, అందుకని ఇవాళ మిమ్మల్ని, అంటే మా ఒంట్లోని స్టాటిక్ చార్జ్‌ని వైరు గుండా ఎర్త్‌కి పంపే మణికట్టు పట్టీల్ని, స్టోర్స్‌లోంచి దించి, కవర్లు చింపి, బెంచీకి ఒకరు చొప్పున కూర్చోబెట్టారు. మీ పాతవాళ్ళు, అంటే బకిల్ దగ్గర లోపలి తీగ తెగిపోయి పై తొడుగు పుణ్యమా అని వేలాడుతున్నవాళ్ళు, చెత్తడబ్బాలోకి వెళ్ళారు. నిన్నటిదాకా బోర్డులన్నీ చేసింది వాళ్ళతోనే. "ఏమైంది సార్, ఎవరికైనా ఏమైనా అయిందా?" అని మావాళ్ళ వాదన.

అసలు మీ దురదృష్టమే అది. మీరు ఆపేది ఎవరి కంటికీ కనిపించదు. సోల్డరింగ్ ఐరన్ చురుక్కుమంటే మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే జాగ్రత్తపడతారు, కానీ రాపిడికి ఒంట్లో పోగయ్యే ఈ స్టాటిక్ చార్జ్ మన వేలికి తెలియాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి. బోర్డు మీదున్న ఐసీల్లో, అంటే చిప్పుల్లో, కొన్నిటి పని పట్టడానికి 100 వోల్టులు చాలు. చలికాలంలో, అందులోనూ ఏసీ హాల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు, నాలుగడుగులు నడిస్తే ఒంట్లో వేల వోల్టులు పోగవుతాయి. ఆ మూడు వేలు దాటకపోతే మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు, అక్కడ ఐసీ పని అయిపోతుంది. పూర్తిగా పోతే ఇంకా నయం, టెస్టింగ్‌లో దొరికిపోతుంది. సగం దెబ్బతిన్నదే అసలు గండం, అన్ని టెస్టులూ బుద్ధిగా పాసై, డబ్బాలో సర్దుకుని, ఎవరింట్లోనో కొన్ని నెలలు పనిచేసి అప్పుడు పోతుంది. తిరిగొచ్చిన ఆ బోర్డు చూసి మా మీటింగులో తేల్చేది ఒకటే: కాంపొనెంట్‌లోనే లోపం, సప్లయర్‌కి ఒక మెయిల్ పెట్టండి.

మిమ్మల్ని కట్టుకునే తీరు చూస్తే మీకే జాలేస్తుంది. మీరు చర్మానికి తగలాలి కదా, ఒకరు ఫుల్ హ్యాండ్స్ చొక్కా మీద, ఒకరు గాజుల మీద, దురద పెడుతోందని ఇంకొకరు రెండు వేళ్ళు దూరేంత వదులుగా. మీ వైరు చివరి క్లిప్పును ఎర్త్ పాయింటుకి పెట్టాలి, మావాళ్ళు టేబుల్ కాలికి పెడతారు, ఆ కాలికి ఉన్న పెయింట్ అసలు కరెంటునే పోనివ్వదని ఎవరికీ పట్టదు. ఒకసారి మీ వైరు తెగితే మా ఎలక్ట్రీషియన్ అందులో ఉండే 1 మెగా ఓమ్ రెసిస్టర్ తీసేసి మామూలు తీగ అతికించి, "ఎర్త్ ఇంకా బాగా అవుద్ది" అన్నాడు. పొరపాటున 230 వోల్టులు తగిలినా పావు మిల్లీ ఆంపియర్ కూడా ఒంట్లోంచి పోకుండా ఆపేది ఆ రెసిస్టరే, అది లేకపోతే మనిషిని నేరుగా ఎర్త్‌కి కట్టేసినట్టే. ఇక లైవ్‌లో హై వోల్టేజ్ బోర్డు టెస్ట్ చేసే బెంచీ దగ్గర మిమ్మల్ని తీసి పక్కన పెట్టాలి కదా, అదేం చిత్రమో, అక్కడ మాత్రం భక్తిగా కట్టుకుంటారు.

గేటు పక్కనున్న మీ టెస్టర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎర్ర లైటు వస్తే మణికట్టు మీద కాసిని నీళ్ళు రాసుకుని పచ్చ లైటు తెప్పించుకుంటారు, ఆ తడి ఆరడానికి పది నిమిషాలు చాలు. దాని పక్కన వేలాడే రిజిస్టర్ అయితే మహా గ్రంథం. నెల మొత్తానికీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే టిక్కు. ఆదివారాలకీ టిక్కు ఉంది. పెళ్ళి చేసుకుని పది రోజులు సెలవులో ఉన్న అబ్బాయి కూడా రోజూ ఉదయం వచ్చి మిమ్మల్ని టెస్ట్ చేసుకుని వెళ్ళాడు, ఆ రిజిస్టర్ ప్రకారం.

పెద్దసారు వేరు. ఆయనకు మీరూ అక్కర్లేదు, కాలి మడమకు కట్టే పట్టీ కూడా అక్కర్లేదు. కస్టమర్లని వెంటేసుకుని నైలాన్ జాకెట్‌లో లైన్లోకి వచ్చి, మా చేతిలో బోర్డు లాక్కుని, "అవర్ క్వాలిటీ" అంటూ సరిగ్గా ఐసీ కాళ్ళ మీద వేలు పెట్టి చూపిస్తారు. తర్వాత దాన్ని ఆ పక్కనున్న థర్మోకోల్ ముక్క మీద పెడతారు. థర్మోకోల్‌నీ ప్లాస్టిక్ టీ కప్పునీ ఎర్త్ చేయడం మీ వల్లే కాదు, వాటి మీద చార్జ్ కదలదు, బోర్డుకి కనీసం అడుగు దూరంలో ఉంచాలి లేదా అయాన్ల గాలి ఊది ఆ చార్జ్‌ని పోగొట్టే అయొనైజర్ పెట్టాలి. మా అయొనైజర్ ఆఫ్‌లో ఉంది, గాలి ముఖానికి కొడుతోందని.

ఈ మధ్య ఆన్‌లైన్‌లో మీ పేరు చెప్పుకుని వైరు లేని వాళ్ళు కూడా తిరుగుతున్నారు, కొనడానికి పర్చేజ్ వాళ్ళు ఉబలాటపడుతున్నారు. ఎర్త్‌కి దారే లేనప్పుడు చార్జ్ ఎక్కడికి పోతుంది? దాని బదులు తాయెత్తు కట్టుకుంటే డబ్బులైనా మిగులుతాయి.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఎలాగూ రోజూ వంగి వంగి మీ తీగ ఒకరోజు తెగుతుంది, షిఫ్టు మధ్యలో తెగితే మర్నాడు టెస్టర్ మీద చెయ్యి పెట్టేదాకా మాకు తెలియను కూడా తెలియదు, అప్పటిదాకా చేసిన బోర్డులన్నీ దేవుడి దయ. తెగినప్పుడే కూత పెట్టే మానిటర్ బెంచీకొకటి పెట్టమంటే బడ్జెట్ లేదంటున్నారు. కాబట్టి ఆ తెగేదేదో రేపు పదకొండింటికి, ఆడిటర్ గారు మా బెంచీ దగ్గర నిలబడి మళ్ళీ టెస్ట్ చేసి చూపించమన్నప్పుడు తెగండి. పెద్దసారు పక్కనే ఉంటారు.

ఇట్లు,
లైన్ చివర ఇన్‌స్పెక్షన్ బెంచీ వాడు