ఊదారంగు దీపం గారికి ఇంటి ఓనరు విన్నపం

అయ్యా దీపం గారూ,

మా మేడ మీద గదిలో అద్దెకున్న కుర్రాడు ఖాళీ చేస్తూ పరుపు, బకెట్టు, కుక్కరు మోసుకుపోయి, గదిలో మొక్కలకు ఎండ బదులు వెలిగించిన మిమ్మల్ని మాత్రం సీలింగు కొక్కేనికే వదిలేశాడు. అతను ఫోను ఎత్తడం లేదు. కనుక ఈ నాలుగు ముక్కలు మీకే రాస్తున్నాను.

కర్నూలులో ఎండ కావాలని ఇంతవరకు ఎవరూ మొక్కుకోలేదు. మే నెలలో 43 డిగ్రీలు దాటినా మాకు అది వార్త కాదు. గని, శకునాల ఊళ్ల దగ్గర వేల ఎకరాల్లో పలకలు పరిచి 2017లో 1,000 మెగావాట్ల సౌర పార్కు పెట్టింది ఈ ఎండను నమ్ముకునే. ఆ ఎండే కరెంటై, తీగలెక్కి, సబ్‌స్టేషన్లు దాటి, కల్లూరులో మా మీటరు తిప్పి, చివరికి మీలో దూరి మళ్లీ ఎండ వేషం కట్టింది! కిటికీకి నల్లగుడ్డ బిగించి అసలు సూర్యుణ్ణి వీధిలో నిలబెట్టారు. మీ వేడి చల్లార్చడానికి ఫ్యాను, అది చాలక కూలరు, కూలరు తేమకు ఆకుల మీద బూడిద తెగులు. బిల్లు చూసి మా ఆవిడ పైన ఐసు ఫ్యాక్టరీ నడుస్తోందేమోనని అనుమానపడింది.

ఇంత రాజభోగం ఎవరికయ్యా అంటే, హిమాలయాల వాలుల్లో ఎవరూ చెంబెడు నీళ్లు పోయకపోయినా మొలిచే గంజాయికి. ఇక్కడ దానికి పొద్దునా సాయంత్రం బోరు నీళ్లు. ఆ ఉప్పుకు ఆకుల కొసలు మాడాయి, ఆ ప్రేమకు వేళ్లు కుళ్లాయి. మిగిలినవాటికి ఎర్రనల్లి పట్టి బూజు అల్లింది. కుర్రాడి నాన్న ఆలూరు వైపు పత్తి, మిరప పండించే మనిషి. ఆకు వెనక్కి తిప్పి చూస్తే చాలు, పురుగు పేరు చెప్పేస్తాడు. కానీ కొడుకు ఏమని అడుగుతాడు? రైతు సేవా కేంద్రానికి ఆకు పట్టుకెళ్లలేడు, మందుల కొట్లో చూపించలేడు. ధర పడిపోతే పత్తికొండ రైతు టమాటాలు రోడ్డు మీద పారబోసి, నలుగురిలో నిలబడి ప్రభుత్వాన్ని తిట్టగలడు. మీ పంట పోతే ఏడవడానికి కూడా తలుపు వేసుకోవాలి.

పైగా బొప్పాయిలో లాగే ఇందులోనూ ఆడ, పోతు మొక్కలు వేరట. బతికి బట్టకట్టినవి పోతులని తేలింది. పూత పట్టాలంటే ఆ మొక్క రాత్రి నిడివి లెక్కపెట్టుకుంటుందని చదివాను. పూత వచ్చిందా లేదా అని నడిరాత్రి ఫోను వెలుగులో తొంగిచూసే పెంపకందారు దగ్గర ఏ లెక్క నిలుస్తుంది? వాసన మాత్రం ఏ లెక్కా చూసుకోకుండా మెట్లు దిగింది. దాన్ని కప్పడానికి కట్టలకొద్దీ అగరుబత్తీలు వెలిగించాడు. కుర్రాడికి భక్తి ముదిరిందని వీధంతా మెచ్చుకుంది, నాతో సహా.

పంట ఎండిందా పండిందా అని చట్టం అడగదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 20వ సెక్షన్ ప్రకారం మొక్కను పెంచడమే నేరం. పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. 25వ సెక్షన్ నాలాంటివాళ్లను ఉద్దేశించింది: తెలిసి ఇల్లు వాడుకోనిచ్చినవాడికీ అదే శిక్ష. తలుపు తీయించి చూసిన రోజే ఆ ఎండు కట్టెలూ అతని సామానూ కదిలాయి. కిరాయి కోసం జైలుకు వెళ్లేంత ఉదారుణ్ణి కాను.

అడ్వాన్సులో కరెంటు బకాయి పట్టుకున్నాను. మీ ఖరీదు తెలియక మిమ్మల్ని లెక్కలో వేయలేదు. రేపు పాత సామాన్ల బండి వస్తుంది. "ఇదేం దీపం సార్, ఎందుకు వాడారు?" అని బండివాడు వీధిలో గట్టిగా అడిగితే ఏం చెప్పమంటారో కాస్త సెలవివ్వండి.

ఇట్లు,
కింది వాటా యజమాని,
కల్లూరు, కర్నూలు.