మావాడు బ్రహ్మాండంగా నడుపుతాడు

కొడుకు పదో తరగతి పాసైనందుకు మా పక్కింటాయన 125 సీసీ స్కూటరు కొనిచ్చారు. కుర్రాడికి పదహారేళ్లు. జూనియర్ కాలేజీ ఇంటికి కిలోమీటరున్నర. బండి వచ్చిన రోజు గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. హ్యాండిల్‌కు పూలదండ, అద్దానికి నల్లతాడు, చివర్లో గుమ్మడికాయ. దిష్టి విషయంలో ఆ బండికి ఏ లోటూ జరగలేదు. హెల్మెట్ మాత్రం కవరు విప్పకుండానే అటకెక్కింది. "జుట్టు పాడవుతుందట, పోనీలెండి" అన్నారాయన.

గిట్టనివాళ్లు చట్టం మాటెత్తుతారని, ఆయన తరఫున నేనే చట్టం తిరగేశాను. పదహారేళ్లకే బండి నడపొచ్చని మోటారు వాహనాల చట్టంలో ఉందని ఆయన వాదన. ఉంది, అబద్ధమేమీ కాదు. కాకపోతే ఇంజను 50 సీసీ దాటకూడదనీ, దానికీ లైసెన్సు ఉండాలనీ కూడా అక్కడే ఉంది. సరే, 125లో 50 లేదా? ఉంది. మిగతా 75 కొసరు. కొసరు వద్దన్న తెలుగువాణ్ని నేనింతవరకు చూడలేదు.

ఇక 2019 సవరణలో 199ఎ అని ఒక సెక్షన్ పెట్టారు. తండ్రుల మీద ఏదో పాత కక్ష ఉన్నవాళ్లే రాసుంటారు. మైనరు బండి మీద నేరం చేస్తే తండ్రో, బండి యజమానో దోషి అట. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు గగనమే. తనకు తెలియకుండా తీసుకెళ్లాడని నిరూపిస్తే తండ్రి బయటపడొచ్చు. మా పక్కింటాయనకు చిక్కల్లా ఇక్కడే. కొడుక్కి తాళం చేతిలో పెడుతూ, కేకు తినిపిస్తూ దిగిన ఫొటోనే ఆయన వాట్సాప్ డీపీ.

సాయంత్రం ట్యూషన్‌కు ముగ్గురు వెళ్తారు. బండి మీద వెనక ఒక్కరే కూర్చోవాలని రూలు. కానీ మధ్యవాడు ఎంత పనికొస్తాడో రూలు రాసినవాళ్లకేం తెలుసు? ముందువాణ్నీ వెనకవాణ్నీ కలిపి పట్టుకునే సీటుబెల్టు వాడే. చివరివాడికి రెండే పనులు: రీలు తీయడం, "తొక్కరా" అని కేకెయ్యడం. "మెల్లగా పోరా" అన్నవాడికి మర్నాటినుంచి సీటుండదు. వాడు బస్సులో వెళ్తాడు, పాపం క్షేమంగా.

ఒకసారి చలాను పడ్డాక అటక మీది హెల్మెట్ కిందికి దిగింది. ఇప్పుడది చౌరస్తా దాకా మోచేతికి ఉంటుంది, చౌరస్తాలో నెత్తికెక్కుతుంది, దాటగానే మళ్లీ మోచేతికి వస్తుంది. దెబ్బ తగిలితే పోలీసు ఎదుటే తగులుతుందని ఈ పిల్లలకు అంత నమ్మకం! నాలుగేళ్లు దాటిన ప్రతివాడూ, వెనక కూర్చున్నా సరే, హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం. ముగ్గురికీ కలిపి ఒకటుంది, అదీ మోచేతికి. కరోనా పోయినా మా కాలనీలో మాస్కు పోలేదు. మూతికి తీసేసి నంబరు ప్లేటుకు కట్టారు.

చలాన్ల సంగతా? హైదరాబాదులో ఉండే వాళ్ల మేనమామ ఆ రహస్యం విప్పి చెప్పాడు. తెలంగాణలో 2023 డిసెంబరులో ద్విచక్ర వాహనాల పెండింగు చలాన్ల మీద 80 శాతం రాయితీ ఇచ్చారు. అంతకుముందు 2022లోనూ ఇచ్చారు. ఆషాఢం డిస్కౌంటు వస్తుందని తెలిసీ జ్యేష్ఠంలో చీర కొనేవాళ్లెవరు?

వాళ్లమ్మ మాత్రం జాగ్రత్తపరురాలు. వాడు బయల్దేరిన పది నిమిషాలకు ఫోన్ చేసి "ఎక్కడున్నావురా?" అంటుంది. వాడు ఒంటిచేత్తో నడుపుతూ "బండి మీదే ఉన్నానమ్మా" అంటాడు. ఆవిడ గుండె కుదుటపడుతుంది. ఎత్తకపోతేనే కంగారు.

మొన్న ఉండబట్టలేక అడిగాను, "పిల్లాడికి కాస్త భయం చెప్పకూడదా అండీ?" అని.

"భయమెందుకండీ, మావాడు బ్రహ్మాండంగా నడుపుతాడు" అన్నారు.

"అయితే రేపు పెళ్లికి మీ కారు వాడి చేతికే ఇవ్వండి, అందరం కలిసి వెళ్దాం."

ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. "కొత్త కారండీ బాబూ! గీతలు పడితే?"