పది సెంటీమీటర్ల కొరత

నాకు బరువు ఎక్కువ లేదు. ఎత్తు మూడు సెంటీమీటర్లు చాలలేదు, అంతే. ఊరికే అనడం లేదు, లెక్క ఉంది.

కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా లేదా అని చెప్పే అంకె. నా బరువు 74, ఎత్తు 1.70. జవాబు 25.6. పద్దెనిమిదిన్నర నుంచి 25 లోపు సాధారణం, 25 నుంచి అధిక బరువు, 30 నుంచి స్థూలకాయం. అదే 74 కిలోలు 1.73 మనిషి మీద పెట్టి చూడండి, 24.7! అంటే తప్పు నా తిండిది కాదు, ఎదగాల్సిన వయసులో బద్ధకించిన ఎముకలది. వాటిని ఒక్క మాట అనకుండా అందరూ నా పొట్టకేసే చూస్తారేం?

పైగా ఆ 25 గీత ఎంత సున్నితమో చూడండి. 1.70 మనిషికి అది 72.25 కిలోల దగ్గర పడుతుంది. పొద్దున్నే 72.1 ఉన్నవాడు పావు లీటరు నీళ్లు తాగాడనుకోండి, గ్లాసు కింద పెట్టేలోపు అధిక బరువు జాబితాలోకి వెళ్లిపోతాడు. బాత్రూంకి వెళ్లొస్తే మళ్లీ ఆరోగ్యవంతుడు. అమెరికాలో 1998 దాకా మగవాళ్లకు 27.8, ఆడవాళ్లకు 27.3 ఉన్న గీతను 25కి దించారు. ఒక్క ముద్ద అదనంగా తినకుండానే కోట్లమంది లావైపోయారు.

అసలీ సూత్రం డాక్టరు కనిపెట్టింది కూడా కాదు. 1830లలో బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే, జనం మొత్తంలో సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చడానికి వేసిన లెక్క ఇది. 1972లో అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ దానికి బీఎంఐ అని పేరు పెట్టాడు. నక్షత్రాలు చూసుకునే పెద్దమనిషికి నా నడుముతో ఏం పని? కండకీ కొవ్వుకీ తేడా తెలియని ఈ లెక్క వస్తాదులను కూడా లావు కిందే జమ కడుతుంది. వాళ్ల తరఫున నేను ఎన్ని చోట్ల వాదించానో! ఒక్క వస్తాదూ నన్ను అడగలేదు, అది వేరే సంగతి.

ఇంతలో మరో పిడుగు. ఆసియా వాళ్లం 23 దగ్గరే జాగ్రత్త పడాలట. అదే బీఎంఐకి మన ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువ, షుగరు కూడా తొందరగా పలకరిస్తుంది. మళ్లీ లెక్క వేశాను. 23 లోపు ఉండాలంటే నేను 1.80 ఉండాలి. మూడు సెంటీమీటర్ల కొరత కాస్తా పది అయింది. ఈ వయసులో పది సెంటీమీటర్లు ఎక్కడి నుంచి తెస్తాను?

బీఎంఐ మీద అంత అనుమానముంటే టేపు తీసుకోమన్నారు ఇంట్లో. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం లోపు ఉంటే మేలట. నాకైతే 85 లోపు. మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలని కూడా చెప్పారు. టేపు చుట్టాను, పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబట్టాను. 84. కాగితం మీద రాసుకునే దాకా వదల్లేదు.