ఆ పాలపుంత ఫోటో తీసింది ఆల్మా కాదు

వాట్సాప్‌లో ఒక ఫోటో తెగ తిరుగుతోంది. చిలీలోని అటకామా ఎడారి, వరసగా తెల్లటి డిష్ యాంటెన్నాలు, పైన ధగధగలాడే పాలపుంత. కింద ఈ రాత: "నక్షత్రాలకు దగ్గరగా ఉండాలని ఆల్మా అబ్జర్వేటరీని 5,000 మీటర్ల ఎత్తున కట్టారు. చీకట్లోనే పనిచేస్తుంది. ఈ ఫోటో అది తీసిందే. అక్కడికెళ్తే మామూలు కంటికీ ఇలాగే కనిపిస్తుంది." ఇందులో నిజం ఎత్తు ఒక్కటే.

ఐదు కిలోమీటర్లు ఎక్కితే నక్షత్రాలు దగ్గరవుతాయా? సూర్యుణ్ణి పక్కనపెడితే, అన్నిటికన్నా దగ్గరి నక్షత్రమే సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. అంత ఎత్తుకు వెళ్లింది నీటి ఆవిరిని తప్పించుకోవడానికి. ఆల్మా ఒక రేడియో టెలిస్కోప్. అది పట్టేవి మిల్లీమీటర్ల పొడవున్న, అంతకన్నా చిన్న రేడియో తరంగాలు. గాలిలోని తేమ వాటిని మింగేస్తుంది. మీటరు పొడవు తరంగాలకు ఆ బెడద లేదు. అందుకే ఆ తరంగాలను పట్టే మన రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ పుణె దగ్గర నారాయణ్‌గావ్‌లో, పొలాల మధ్యే పనిచేస్తోంది.

చీకటితోనూ పనిలేదు. ఆ 66 యాంటెన్నాలు పట్టపగలూ పనిచేస్తాయి, అవసరమైతే సూర్యుడి వైపే తిరిగి సూర్యుణ్ణి కూడా పరిశీలిస్తాయి.

ఫోటో తీసింది మామూలు కెమెరా. షట్టర్ చాలా సెకన్లు తెరిచి ఉంచితే వచ్చిన బొమ్మ అది. ఆ చలిలో ట్రైపాడ్ పెట్టుకుని నిలబడ్డ మనిషి పేరు ఫార్వర్డుల్లో ఎగిరిపోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది. కన్ను వెలుగును అలా పోగుచేసుకోలేదు, మసక వెలుతురులో రంగులూ పట్టలేదు. పైగా అక్కడ అందే ఆక్సిజన్ దాదాపు సగమే, దాంతో రాత్రి చూపు ఇంకా మందగిస్తుంది.

అయినా అది అపురూపమైన ఆకాశమే. మనకు దక్షిణాన సగం ఎత్తుకే వచ్చే పాలపుంత నడిబొడ్డు అక్కడ దాదాపు నడినెత్తిన నిలుస్తుంది. దాని మధ్య పరుచుకున్న నల్లటి మరకల్లో దక్షిణ అమెరికాలోని ఇన్కా జాతి ప్రజలు లామా అనే ఒంటె జాతి జంతువు ఆకారాన్ని చూశారు. కంటికి నల్లగా తోచే ఆ మేఘాలు చల్లటి వాయువు, ధూళి. కొత్త నక్షత్రాలు పుట్టేది అలాంటి చోట్లే. ఆల్మా పట్టే తరంగాలు వాటి నుంచీ వస్తాయి కాబట్టి దానికి ఆ నలుపే వెలుగు. 2014లో హెచ్‌ఎల్ టౌరీ అనే పసి నక్షత్రం చుట్టూ ధూళి పళ్లేన్ని, అందులో గీసినట్టున్న చీకటి వలయాలను పట్టి చూపించింది. ఆల్మా తీసిన బొమ్మే పంచుకోవాలనుకుంటే అది పంచుకోండి.