అర్థం ఒక్కటే చాలదు
ఇంగ్లీషు జాతీయాల పట్టిక ఇచ్చి, వాటిని అర్థాలతో సహా బట్టీ పడితే సరిపోతుందని మీరు రాశారు, ఆ మాట దగ్గరే నాకు పేచీ. అందులో 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం అని ఇచ్చారు. నిజమే, 1785 నాటి ఇంగ్లీషు యాస నిఘంటువులోనే అది ఉంది. కానీ అది మన 'బాల్చీ తన్నేశాడు' లాంటిదే, వెటకారం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సహోద్యోగి తండ్రి పోతే, సంతాపం మెయిల్లో నేను సరిగ్గా ఈ ముక్కే రాశాను. సెండ్ నొక్కబోతుంటే పక్క సీటతను చెయ్యి పట్టుకుని ఆపాడు. అలాంటప్పుడు 'పాస్డ్ అవే' అనాలట! 'పీస్ ఆఫ్ కేక్' (చాలా తేలికైన పని) లాంటివాటితో ఇంత చిక్కు లేదు, మహా అయితే కాస్త చనువుగా వినిపిస్తుంది. మీ పట్టికలో అర్థం పక్కనే 'ఎక్కడ వాడకూడదు' అని ఇంకో గడి పెట్టి ఉంటే నాలాంటివాళ్లకు టెన్షన్ తప్పేది.