బ్లాకు పెంచితే మైనింగ్ మన ఇంటికి వస్తుందా?

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విరివిగా తిరుగుతోంది. బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం లావాదేవీలను కట్టగట్టి నమోదు చేసే బ్లాకును ఇప్పటికీ ఒక మెగాబైటు దాటనివ్వకపోవడం వల్లనే, యంత్రాలతో లెక్కలు చేసి కొత్త బ్లాకులు చేర్చి ప్రతిఫలం పొందే మైనింగ్ కొద్దిమంది చేతిలోకి పోయిందనీ, 2017లో మైనర్లే, అంటే మైనింగ్ చేసేవారే, కూడబలుక్కుని ఈ నిర్ణయం చేశారనీ, పెద్ద బ్లాకుల నాణేనికి మారితే నేలటూరు థర్మల్ కేంద్రం పక్కనే ఉన్న మనవాళ్లు ఇంట్లో యంత్రం పెట్టుకుని సంపాదించవచ్చనీ అందులో చెబుతున్నారు. దీన్ని నమ్మి యంత్రాలకు అడ్వాన్సులు కట్టే ప్రమాదం ఉన్నది కాబట్టి ఒక్కొక్క మాటనూ పరిశీలించవలసి ఉంది.

మొదటి మాట కాలం చెల్లినది. ఒక మెగాబైటు పరిమితిని 2010లో బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో పెట్టిన మాట నిజమే కాని, 2017 ఆగస్టులో సెగ్‌విట్ అనే సాఫ్ట్‌వేర్ మార్పు అమలైన తర్వాత బ్లాకు పరిమితిని మెగాబైట్లకు బదులు, సంతకాల సమాచారాన్ని తక్కువగా లెక్కించే 40 లక్షల బరువు యూనిట్లతో కొలుస్తున్నారు. ఒక మెగాబైటు దాటిన బ్లాకులు నేడు మామూలే.

మైనింగ్ కొద్దిచోట్ల పోగుపడటానికి అసలు కారణాలు వేరు. నెట్‌వర్క్‌లోని యంత్రాల మొత్తం లెక్కింపు శక్తిలో పది లక్షల్లో ఒక వంతు ఉన్న మైనరుకు సగటున పది లక్షల బ్లాకులకు ఒకటి దక్కుతుంది. పది నిమిషాలకొక బ్లాకు, అంటే రోజుకు 144 చొప్పున లెక్కిస్తే అది దాదాపు 19 ఏళ్లకొకసారి వచ్చే ఆదాయం. అంతకాలం ఎవరూ ఆగలేరు కనుక, ఒకే పడవలో వేటకు వెళ్లినవారు చిక్కిన చేపను వాటాలు వేసుకున్నట్టు, మైనర్లు పూల్ అనే ఉమ్మడి గుంపులో చేరి ప్రతిఫలం పంచుకుంటారు. ఏ లావాదేవీలు బ్లాకులోకి ఎక్కాలన్నది మాత్రం సాధారణంగా పూల్ నిర్వాహకుడే నిర్ణయిస్తాడు. 2014 జూన్‌లో జీహ్యాష్ అనే ఒక్క పూల్ సగం శక్తి దాకా చేరింది. దీనికి తోడు ప్రత్యేక చిప్పుల తయారీ కొన్ని కంపెనీలకే పరిమితమైంది, చవక కరెంటు ఉన్నచోటికి యంత్రాలు తరలిపోయాయి. 2021లో చైనా నిషేధం విధించినప్పుడు నెట్‌వర్క్ శక్తి దాదాపు సగానికి పడిపోవడమే ఆ పోగుబాటుకు రుజువు.

బ్లాకు పెంచితే వీటిలో ఏది మారుతుంది? బిట్‌కాయిన్ క్యాష్ అనే పెద్ద బ్లాకుల నాణెం 2017లో 8 మెగాబైట్ల పరిమితితో బిట్‌కాయిన్ నుంచి విడిపోయి, 2018లో దాన్ని 32కు పెంచుకుంది. అక్కడా అవే యంత్రాలు, అవే పూల్స్. పైగా బ్లాకు పెద్దదైన కొద్దీ ఇతరులకు చేరడం ఆలస్యమై, దాన్ని కనుగొన్న పెద్ద పూల్ తర్వాతి బ్లాకును ముందే మొదలుపెడుతుంది. బ్లాకును సంక్షిప్తంగా పంపే కాంపాక్ట్ బ్లాకుల పద్ధతి 2016లో వచ్చి ఈ నష్టాన్ని బాగా తగ్గించినా, మొత్తం చరిత్రను సొంత కంప్యూటరులో సరిచూసుకునే నోడ్ల భారం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. లావాదేవీ రుసుము తగ్గుతుందన్న పెద్ద బ్లాకుల వాదనలో బలమున్నది, దాన్ని కాదనను. అయితే అది రుసుము గురించిన వాదనే తప్ప వికేంద్రీకరణ గురించినది కాదు. చిన్న బ్లాకే మైనింగును కాపాడిందనే ఎదుటి పక్షం గొప్పలకు కూడా, ఒక మెగాబైటు పరిమితి ఉన్న రోజుల్లోనే జరిగిన జీహ్యాష్ ఉదంతమే జవాబు.

మైనర్లే నిర్ణయించారన్న మాట చరిత్రను తలకిందులు చేస్తుంది. 2017 మేలో బిట్‌కాయిన్ కంపెనీలు, మైనర్లు కలిసి చేసుకున్న న్యూయార్క్ ఒప్పందంపై సంతకం చేసినవారు, 80 శాతానికి పైగా మైనింగ్ శక్తి తమ వెంట ఉన్నదని చెప్పుకుంటూ, బ్లాకును రెట్టింపు చేయడానికే పూనుకున్నారు. నోడ్లు నడిపే వాడుకరులు ఒప్పుకోకపోవడంతో నవంబరులో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఇక నేలటూరు సంగతి. థర్మల్ కేంద్రం ముత్తుకూరు మండలంలో ఉన్నంతమాత్రాన మన ఇంటి మీటరు రేటు తగ్గదు. 3,500 వాట్ల యంత్రం రేయింబవళ్లు నడిస్తే నెలకు 2,520 యూనిట్లు కాలుతాయి, వాడకం పెరిగిన కొద్దీ శ్లాబు ధర పెరుగుతుంది. లాభంపై 30 శాతం పన్ను ఉన్నది. మైనింగ్‌కు పెట్టిన మౌలిక సదుపాయాల ఖర్చును అందులోంచి తీసివేయడానికి వీల్లేదని 2022 మార్చిలో కేంద్రం లోక్‌సభకు తెలిపింది. యంత్రం అమ్మేవారు ఈ రెండు లెక్కలనూ కాగితంపై రాసి చూపించేవరకు ఎవరూ అడ్వాన్సు కట్టవద్దు.