బోరింగు దగ్గర ఫోటో సరే, వాషర్ ఎవరు మారుస్తారు?

మన చర్చి వాట్సాప్ గ్రూపుల్లో ఆఫ్రికా ఫోటో వస్తే ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. కొత్త బోరింగు, దాని మెడలో రిబ్బన్, చుట్టూ పిల్లలు, పక్కన టోపీలు పెట్టుకుని నవ్వుతున్న, చర్చి తరఫున సేవకు వెళ్లిన దంపతులు. కింద వంద ఆమెన్‌లు. ఆ ఫోటోను తప్పు పట్టను. కానీ రిటైరై, పిల్లలు స్థిరపడి, "మనమూ ఎక్కడికైనా వెళ్లి ఏడాదిన్నర సేవ చేసొద్దాం" అనుకునే అన్నలూ వదినలూ, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మనవాళ్లు, ఆ ఫోటో చూసి పెట్టె సర్దుకుంటారు చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. అది ఒక్క రోజు ముచ్చట. మిగతా ఐదు వందల చిల్లర రోజుల గురించి ఎవరూ పోస్టు పెట్టరు.

మార్మన్ చర్చి పెద్ద వయసు దంపతులను 6, 12, 18, 23 నెలలకు పంపుతుంది, ఖర్చు చాలావరకు వాళ్లదే. మెనొనైట్లు అనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్ల సంస్థ ఎంసిసి (మెనొనైట్ సెంట్రల్ కమిటీ) మామూలుగా మూడేళ్లు రమ్మంటుంది. పాలమూరు వాళ్లకు మెనొనైట్లంటే ఎవరో చెప్పక్కర్లేదు. ఏ చర్చి పంపినా రోజులు గడిచే తీరు మాత్రం ఒకటే. ఉగాండా ఉత్తర భాగాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

ముందు ఇల్లు. సగం రోజును ఇల్లే తినేస్తుంది, దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. కరెంటు ప్రీపెయిడ్. ఫోన్లో డబ్బు కడితే 20 అంకెల టోకెన్ వస్తుంది, దాన్ని మీటర్లో కొట్టాలి. ఆదివారం ప్రార్థనకు బయల్దేరబోతుంటే అది అయిపోతుంది, ఇస్త్రీ ఆగిపోతుంది. ఇస్త్రీ అంటే అక్కడ షోకు అనుకోకండి. ఆరేసిన తడి బట్టల మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది, వాటి పురుగు చర్మంలోకి దూరి సెగ్గడ్డలా లేస్తుంది. బనియన్లూ లోదుస్తులూ సహా అన్నీ, కుట్ల దగ్గర మరీ ఒత్తి, వేడి ఇస్త్రీ చేయాలి. లేదంటే ఇంట్లోపలే ఆరేసుకోవాలి. తాగే నీళ్లు రాత్రే కాచి చల్లార్చాలి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, గంట కాచి గ్యాసు తగలేయక్కర్లేదు. ఫిల్టర్ క్యాండిల్‌ను సబ్బుతో కడిగితే ఆ సబ్బు రంధ్రాల్లోనే ఉండిపోతుంది. ఉత్త నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

తిండికి బెంగలేదు. అక్కడి పోషో అంటే మన సంకటే, తెల్ల మొక్కజొన్న పిండితో. పల్లీల పులుసు పక్కన పెట్టుకుంటే రాయలసీమ వాళ్లకు రెండో రోజుకే అలవాటైపోతుంది. కందిపప్పు, ఎండుమిర్చి, చింతపండు కంపాలాలో గుజరాతీల కొట్లలో దొరుకుతాయి. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా ఇండియాకు తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. డాక్టరు మలేరియాకు డాక్సీసైక్లిన్ రాస్తే గ్లాసు నిండా నీళ్లతో మింగి, వెంటనే పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. ఇంటికి తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. చాలామంది విమానం దిగగానే మానేస్తారు.

ఇక అసలు పని. ఉగాండా పల్లెల్లో యూ2 అని పిలిచే చేతిపంపు మన ఇండియా మార్క్ 2. మన ఊరి బోరింగే. జాల్నా, షోలాపూర్‌లలో చర్చి మిషన్ల బోర్ల పనిలో పుట్టిన పంపులు దానికి పూర్వీకులు. 1970లలో యూనిసెఫ్, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి ఆ నమూనాను ఒక దారికి తెచ్చాయి. అందుకే తెలుగువాళ్లు ఈ పనికి వెళ్తే ఒక మేలుంది, ఆ పంపు చప్పుడు మన చెవులకు తెలుసు.

లెక్క చూడండి. ఒక పంపు మీద 300 మంది ఆధారపడ్డారనుకుందాం. మనిషికి రోజుకు ఒక్క 20 లీటర్ల పసుపు క్యాను. క్యాను నిండటానికి నిమిషంన్నర. మొత్తం ఏడున్నర గంటలు ఆ హ్యాండిల్ ఆగకుండా కొడుతూనే ఉండాలి. అలా కొడితే అడుగున సిలిండర్లోని రబ్బరు వాషర్లు అరగకుండా ఎలా ఉంటాయి? వాషర్ ఖరీదు తక్కువే. దాన్ని చేరుకోవడానికే ఖర్చు. మార్క్ 2లో సిలిండర్ దాకా పోవాలంటే పైపులన్నీ పైకి లాగాలి. 45 మీటర్ల లోతంటే మూడేసి మీటర్ల ఇనుప పైపులు 15, లోపల రాడ్లు 15, పైపులో నిలిచిన నీళ్లు. అంతా కలిపి రెండు క్వింటాళ్ల పైమాటే. క్లాంపులు, పైపు రెంచీలు, నలుగురైదుగురు మనుషులు కావాలి. క్లాంపు జారిందా, పైపుల వరస మొత్తం బోరులోకి దిగిపోతుంది. అప్పుడు గాలం వేసి తీయాలి, అందకపోతే ఆ బోరు అంతే సంగతి.

దీనికంటే పెద్ద జబ్బు తుప్పు. అక్కడ చాలాచోట్ల భూగర్భజలం ఆమ్ల గుణం కలది. పీహెచ్ 6.5 కంటే తక్కువుంటే జింకు పూత పైపును కాపాడలేదు. పొద్దున్నే మొదటి క్యాను ఎర్రగా వస్తుంది. ఆ నీళ్లతో టీ పెడితే నల్లబడుతుంది, తెల్ల బట్టలు గోధుమ రంగు తిరుగుతాయి. పంపు బాగానే పనిచేస్తున్నా ఆడవాళ్లు మళ్లీ చెలమకే వెళ్లిపోతారు. మనమేమో "జనానికి అవగాహన లేదు" అని రిపోర్టు రాస్తాం. రిపోర్టుకు ముందు చిన్న పరీక్ష చేయండి. రాత్రంతా ఆగిన పంపు మొదటి నీళ్లు ఒక సీసాలో పట్టి, బాగా కొట్టాక వచ్చే నీళ్లు ఇంకో సీసాలో పట్టండి. రెండోది తేటగా ఉంటే దోషం పైపులది. రెండూ ఎర్రగా ఉంటే నేలలోనే ఇనుము ఉందేమో చూడాలి. జింకు పూత ఇనుప పైపులు (జీఐ) కొత్తగా దించడాన్ని ఉగాండా నీటి శాఖ 2016లోనే ఆపేసింది. స్టెయిన్‌లెస్ స్టీలో, పీవీసీ పైపులతో వచ్చే మార్చిన రకమో వేయాలి. ఇప్పటికీ కొటేషన్లో "జీఐ పైపు, ధర తక్కువ" అని కనిపిస్తే సంతకం పెట్టకండి.

పంపు నాడి చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక్క నిమిషంలో 40 సార్లు నిండుగా కొట్టి ఆ 20 లీటర్ల క్యానులో పట్టండి. ముప్పాతిక దాకా వస్తే ఆరోగ్యమే. సగం కూడా రాకపోతే వాషర్లు అరిగాయి. అరగంట వదిలేసి మళ్లీ కొట్టండి. నాలుగైదు దెబ్బలకు నీళ్లు పడకపోతే అడుగు వాల్వు కారుతోంది, లేదా పైపు జాయింటు పోయింది. పైమూత తీసి గొలుసుకు గ్రీజు ఉందో లేదో చూడండి. ఇవన్నీ వర్షాలప్పుడు చూసి లాభం లేదు, నీటి మట్టం అడుగంటే ఫిబ్రవరిలో చూడాలి.

ఇక్కడే జంటగా వెళ్లడం పనికొస్తుంది. సగం మంది ఆడవాళ్లు ఉండాల్సిన నీటి కమిటీలో మాట్లాడేది మాత్రం మగవాళ్లే. పంపు ఏ గట్టు మీద ఉంటే క్యాను నెత్తికెత్తుకోవడం సులువో, ఏ ఇంటి ముందు ఉంటే మిగతా ఇళ్లవాళ్లు రారో ఆడవాళ్లకు తెలుసు, మీటింగులో చెప్పరు. ఆవిడ వెళ్లి వాళ్లతో పాటు వరసలో నిలబడితే అరగంటలో బయటపడుతుంది. ఆయన ఆలోగా కమిటీ పుస్తకం చూడాలి. ఇంటికి నెలకు వెయ్యి షిల్లింగులు, 60 ఇళ్లు అనుకుంటే ఏడాదికి 7,20,000 జమ కావాలి. పుస్తకంలో మూడు నెలల తర్వాత గీతలే లేకపోతే ఆ పంపు ఆగే రోజు దగ్గర్లోనే ఉంది. చీకటి పడకముందే ఇల్లు చేరాలి, మొరం రోడ్డు మీద రాత్రి బండి నడపడం తెలివితక్కువ. అన్నట్టు మొరాన్ని వాళ్లూ మరమ్ అనే అంటారు.

సాయంత్రం గుమ్మం దగ్గర మనుషులుంటారు. ఒకరికి స్కూలు ఫీజు, ఒకరికి మందులు. భార్య ఇస్తే భర్త వద్దంటాడు, లేదా అటుది ఇటు. సంసారంలో అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. వెళ్లకముందే ఇద్దరూ ఒక మాట మీద ఉండాలి: చేతికి నగదు ఇచ్చేది లేదు, బిల్లు నేరుగా దుకాణానికే. కఠినంగానే ఉంటుంది. లేకపోతే నెలలోపు మీరు ఊళ్లో బ్యాంకు అవుతారు.

ఇంకో మాట, కొందరికి రుచించదు. నీళ్లిచ్చి బాప్తిస్మాల సంఖ్య లెక్కపెట్టొద్దు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇచ్చారు. ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది అని గర్వంగా చెప్పుకుంటాం గానీ, అంతకుముందు ఆపిన ఆ నెలలను ఎందుకో మన ప్రసంగాల్లో ఎవరూ ఎత్తరు.

చివరి నాలుగు నెలల్లో కొత్త బోరు మొదలుపెట్టకండి. పంపు చుట్టూ కట్టే గట్టు సిమెంటు గట్టిపడటానికే తడిపిన గోనెల కింద ఏడు రోజులు కావాలి, మెకానిక్‌కు నేర్పడానికి ఇంకా ఎక్కువ. పాతవి తిరిగి చూడండి. వాషర్ల సెట్లు రెండు, గొలుసు ఒకటి కమిటీ పెట్టెలో పెట్టించండి. పంపు పెడస్టల్ మీద దాత పేరు చెక్కించే చోట ఆ ప్రాంతపు మెకానిక్ ఫోన్ నంబరు పెయింట్ చేయించండి, పెద్ద అంకెల్లో, హ్యాండిల్ కొట్టేవాళ్లకు కనిపించే వైపు.